సత్తుపాత్రాహారం

మద్రాసు పేరు చెన్నైగా మారిన మరుసటి సంవత్సరం, పురసవాక్కంలోని ఒక తెలుగు బడిలో తిండి గురించి ఒక సర్క్యులర్ వచ్చింది. అందులో ఉన్నది ఒకే వాక్యం. రాసింది తెలుగు అయ్యవారు కోటిలింగం. సంతకం పెట్టింది కరస్పాండెంట్ చెంగల్రాయుడు.

కోటిలింగం బాపట్ల మనిషి. కోడంబాక్కంలో డబ్బింగ్ సినిమాలకు మాటలు రాయడానికి వచ్చాడు. తెర మీద పెదవులు ఎలా కదిలితే అలా కదిలే తెలుగు మాట వెతికి పెట్టడం అతని పని. తెలుగు సినిమా హైదరాబాదు వెళ్ళిపోయింది. కోటిలింగం వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు అతన్ని పిలవలేదు. ఎమ్మే పట్టా ఉంది కనుక ఈ బడిలో ఉద్యోగం దొరికింది. ఏడాది ప్రొబేషన్. మార్చిలో పర్మనెంట్ చేస్తారు, లేదా పంపేస్తారు. పంపేస్తే వెళ్ళడానికి బాపట్ల ఉంది గాని, బాపట్లలో చేయడానికి ఏమీ లేదు. ఈ సంగతి అతని భార్య రోజూ గుర్తు చేసేది కాదు. ఆదివారాలు గుర్తు చేసేది.

చెంగల్రాయుడికి పురసవాక్కంలోనే పాత్రల కొట్టు ఉంది. వాళ్ళ వంశం చిత్తూరు వైపు నుంచి ఎప్పుడు వచ్చిందో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదువులు తమిళంలో అయ్యాయి. అందువల్ల ఆయనకు తెలుగు చదవడం రాదు. ఈ సంగతి బడిలో అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి ఆయనకు తెలియదు. తెలుగు కాగితం ఎదురైతే కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పేవాడు.

గొడవ మొదలుపెట్టింది రాజలక్ష్మి. ఆమె తల్లిదండ్రుల సంఘం కార్యదర్శి. కూతురు నివేదిత ఆరో తరగతి. ఒకరోజు ఆమె నేరుగా కరస్పాండెంట్ గదిలోకి వచ్చి కూర్చుంది.

"ఏమండీ, పిల్లకాయలు ఈడ తినేది ఏందో మీరు ఒక తూరి చూసినారా? బోండా. పొద్దున బోండా, మధ్యానం బోండా. ఆ నూనె చూస్తే మెకానిక్ షెడ్డు గుర్తొస్తాంది. నేను ఇడ్లీ కట్టిస్తే నా కూతురు దాన్ని ఎవురికో ఇచ్చేసి బోండా తింటాంది. బోండాలో సత్తు ఉండాదా, చెప్పండి?"

"సత్తు యాడుంటాదమ్మా," అన్నాడు చెంగల్రాయుడు. ఆయన అప్పుడే క్యాంటీన్ నుంచి తెప్పించుకున్న బోండా బల్ల సొరుగులో ఉంది.

"మరి ఏందన్నా చెయ్యండి. లేదంటే జనరల్ బాడీలో అడగతా."

జనరల్ బాడీ అంటే చెంగల్రాయుడికి భయం. ఆమె వెళ్ళగానే కోటిలింగాన్ని పిలిపించాడు.

"అయ్యవారే, ఒక సర్క్యులర్ రాయండి. మంచి తెలుగులో రాయండి, మనది తెలుగు బడి గదా. ఇంకమీదట ఈడ సత్తు తిండే దా. వేరే ఏదీ లోపలికి రాకూడదు. క్యాంటీన్‌కీ అదే రూలు, ఇంటి డబ్బాకీ అదే రూలు."

"సత్తేనాండి?"

"సత్తే. స్ట్రిక్టుగా."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. తమిళంలో సత్తు అంటే ఒంటికి బలమిచ్చే సారం, పోషకం. చెన్నైలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళు ఆ మాటను తమ మాటే అనుకుని వాడతారు. బాపట్లలో సత్తు అంటే అల్యూమినియం. సత్తు గిన్నె, సత్తు చెంబు, సత్తు బొచ్చె. కోటిలింగం ఇంకొక ప్రశ్న వేయబోయాడు. అంతలో కరస్పాండెంట్ తల వెనక గోడ మీద ఆయన కొట్టు క్యాలెండర్ కనిపించింది. అందులో ఒకదాని మీద ఒకటి పేర్చిన గిన్నెలు ఉన్నాయి. కోటిలింగం ప్రశ్న మానుకున్నాడు.

"అర్థమైందా?" అన్నాడు చెంగల్రాయుడు.

"బాగా అర్థమైందండి," అన్నాడు కోటిలింగం.

అతను రాసిన వాక్యం ఇది: 'ఇకమీదట ఈ పాఠశాల ఆవరణలో సత్తుపాత్రాహారము మాత్రమే అనుమతింపబడును.' తెలుగు మాటనూ సంస్కృతం మాటనూ అలా అతికిస్తే దాన్ని వైరి సమాసం అంటారని, అది దోషమని అతనికి తెలుసు. ఆ ఆవరణలో ఇంకెవరికీ తెలియదని కూడా తెలుసు. చెంగల్రాయుడు కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయిందన్నాడు. సంతకం చేశాడు.

సర్క్యులర్ ఇళ్ళకు వెళ్ళింది. పెద్దవాళ్ళలో చాలామందికి కరస్పాండెంట్‌కు ఉన్న ఇబ్బందే ఉంది కనుక, పిల్లలే చదివి వినిపించారు. సత్తు అంటే ఏమిటని పిల్లలు తరగతిలో అడిగారు. అల్యూమినియం అని కోటిలింగం చెప్పాడు. బడి పిల్లల తిండికి అల్యూమినియం ఎందుకని ఏ ఇంట్లోనూ ఎవరూ అడగలేదు. చెంగల్రాయుడిది పాత్రల కొట్టు. అడగడానికి ఏమీ మిగల్లేదు.

తల్లిదండ్రులు సత్తు డబ్బాలు కొన్నారు. వేరే కొట్లో కొంటే తెలిసిపోతుందేమోనని ఆయన కొట్లోనే కొన్నారు. మూల పడున్న సరుకు కదలడం చూసి చెంగల్రాయుడు ఆశ్చర్యపోయాడు. అల్యూమినియం మళ్ళీ ఫ్యాషన్‌లోకి వచ్చిందని ఇంట్లో చెప్పి, ఇంకో లోడుకు ఆర్డరిచ్చాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ కన్నియప్పన్ తనిఖీ చేసేవాడు. అతను తమిళుడు. సర్క్యులర్ చదవలేదు. అలుమినియం మట్టుం, అంటే అల్యూమినియం ఒక్కటే అని కోటిలింగం చెప్పింది గుర్తు పెట్టుకున్నాడు. ప్రతి డబ్బా మీద వేలితో కొట్టి మోతను బట్టి తేల్చేవాడు. స్టీలు డబ్బాను చెన్నైలో ఎవర్‌సిల్వర్ అంటారు. ఎవర్‌సిల్వర్‌లో వచ్చిన ఇడ్లీ, పెసలు, కూరన్నం గేటు దగ్గర ఆగిపోయాయి. సత్తు డబ్బాలో వచ్చిన చిప్సు లోపలికి వెళ్ళాయి. అరటిపండుకు పాత్రే లేదు. కన్నియప్పన్ కాసేపు ఆలోచించి అరటిపండును కూడా ఆపాడు. ఆపిన తిండి సాయంత్రం దాకా ఉంటే పాడవుతుందని మధ్యాహ్నమే తినేవాడు. సర్క్యులర్ అమల్లో ఉన్నంత కాలం ఆ బడిలో పోషకాహారం తిన్నది అతనొక్కడే.

క్యాంటీన్ సెలీనాది. ఆమె వాషర్‌మెన్‌పేట్ నుంచి వస్తుంది. కోటిలింగం కంటే వయసులో పెద్దది. పాదిరిని తప్ప అందరినీ నువ్వనే అంటుంది. ఆమె కాగితం పళ్ళేలు పారేసి సత్తు పళ్ళేలు తెచ్చింది. అదే బోండా వాటి మీద పెట్టి ఇచ్చింది.

"ఏం అయ్యోరూ, రూలు ప్రకారం సరిగా ఉండాదా?" అని అడిగింది.

"సరిగా ఉందమ్మా," అన్నాడు కోటిలింగం.

"బోండా చల్లారకుండా ఉండాదిలే. మీ కరస్పాండెంటు ఇంత మంచి రూలు పెడతాడని నేను అనుకోలా."

రాజలక్ష్మి సత్తు డబ్బా కొనలేదు. అల్యూమినియంలో తింటే మెదడు మందగిస్తుందని ఆమె ఏదో పత్రికలో చదివింది. నివేదిత ఇడ్లీ రోజూ ఎవర్‌సిల్వర్‌లోనే వచ్చి గేటు దగ్గర ఆగిపోయేది. నివేదిత రోజూ బోండా తినేది. ఆ పిల్ల ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. డబ్బా ఖాళీగా తిరిగి వస్తోంది కనుక తల్లికి అనుమానం రాలేదు. ఒక మధ్యాహ్నం రాజలక్ష్మి ఏదో పని మీద బడికి వచ్చి, గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని తన డబ్బాలో తన ఇడ్లీ తింటున్న కన్నియప్పన్‌ను చూసింది.

"నల్ల ఇడ్లీమ్మా," అన్నాడు కన్నియప్పన్ లేచి నిలబడి. ఇడ్లీ బాగుందని మెచ్చుకున్నాడు.

ఆమె కరస్పాండెంట్ గదిలోకి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు.

"మీ అంగట్లో సరుకు అమ్ముకోడానికి నా కూతురి ఇడ్లీ వాచ్‌మన్ పాలు చేస్తారా?"

"సరుకేందమ్మా?"

"అలుమినియం! సర్క్యులర్ పంపించి, సంతకం పెట్టి, ఏందని అడగతా ఉండారే!"

చెంగల్రాయుడికి ఫ్యాషన్ ఎందుకు మారిందో అప్పుడు అర్థమైంది.

"శుక్రవారం జనరల్ బాడీ పెట్టండి," అంది రాజలక్ష్మి. "ఆ సర్క్యులర్ మీ నోటితో చదివి వినిపించండి. ఆడ నేను అడగాల్సింది అడగతా."

ఆమె వెళ్ళాక కోటిలింగం వచ్చాడు. చెంగల్రాయుడికి కోపం వస్తే మర్యాద వాచకం పోతుంది.

"నేను ఏం చెప్తిని? నువ్వు ఏం రాస్తివి?"

"సత్తు అన్నారండి. సత్తనే రాశాను."

"సత్తు అంటే సత్తు! పాలు, పళ్ళు, శనగ సుండలు! అలుమినియం యాడ నుంచి వచ్చింది దాంట్లోకి?"

కోటిలింగం క్యాలెండర్ వైపు చూశాడు. చెంగల్రాయుడు కూడా చూశాడు.

"సరే, విను," అన్నాడు చెంగల్రాయుడు. "శుక్రవారం నువ్వు లేచి, నేనే తప్పు రాసినా అని చెప్పాల. నేను అందరి ముందరా మన్నిస్తా."

"మన్నించాక ఉద్యోగం ఉంటుందాండి?"

"తెలుగు తప్పు రాసే తెలుగు అయ్యవారిని ఎట్ట పర్మనెంట్ చేసేది? కమిటీ నన్ను అడగదా?"

"చెప్పకపోతేనో?"

"అప్పుడు నేనే చెప్తా."

కోటిలింగం స్టాఫ్ రూమ్‌లో కూర్చుని సర్క్యులర్‌ను ముందు పెట్టుకున్నాడు. వాక్యాన్ని మార్చడానికి లేదు. అది ఇంటింటికీ వెళ్ళింది. అక్షరాలు అవే ఉండాలి, అర్థం వేరే కావాలి. అతను పెదవులు కదుపుతూ ఆ వాక్యాన్ని చాలాసేపు చదువుకున్నాడు. సైన్సు టీచరు తలుపు దగ్గర నిలబడి చూసి, జపం అనుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం హాలు నిండింది. రాజలక్ష్మి మొదటి వరసలో కూర్చుంది.

"చదవండి సార్," అంది.

చెంగల్రాయుడు చొక్కా తడుముకున్నాడు. "కళ్ళజోడు ఇంట్లో..."

"జేబులో ఉండాదే. కనబడతా ఉండాది," అన్నారెవరో వెనక నుంచి. జనం నవ్వారు.

"అయ్యవారు చదవతారు," అన్నాడు చెంగల్రాయుడు. "ఆయన మీకు ఒక మాట కూడా చెప్పాల్సి ఉండాది." కోటిలింగం వైపు చూసి తల ఊపాడు.

కోటిలింగం లేచి వాక్యం చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇందులో తప్పేమీ లేదండి," అన్నాడు.

చెంగల్రాయుడు కుర్చీలో ముందుకు జరిగాడు.

"ప్రేమపాత్రుడు అంటాం. ప్రేమ పోసిన గిన్నె అని అర్థమా? కాదు. ప్రేమకు తగినవాడు. విశ్వాసపాత్రుడంటే విశ్వాసానికి తగినవాడు. అలాగే సత్తుపాత్రాహారం. సత్తు అంటే సత్తువ, బలం. సత్తువకు పాత్రమైన ఆహారం, అంటే బలం ఇవ్వడానికి తగిన తిండి. కరస్పాండెంట్ గారు చెప్పింది ఇదే, నేను రాసింది ఇదే."



"మరి పిల్లకాయలకి అలుమినియం అని చెప్పింది ఎవురు?" అంది రాజలక్ష్మి.

"నానార్థాలు చెబుతున్నానండి. ఆ మాటకు చాలా అర్థాలున్నాయి. మొదటి అర్థం చెప్పేసరికి గంట కొట్టారు."

"వాచ్‌మన్‌కి?"

"అతనికి సమాసాలు రావండి."

రాజలక్ష్మి కాగితం కోసం చెయ్యి చాచబోయి మానుకుంది. సమాసం గురించి వాదించాలంటే కాగితం అడిగి తీసుకోవాలి. తీసుకుంటే చదవాలి. హాలులో ఉన్నవాళ్ళలో చాలామంది ఇదే లెక్క వేసుకుని పైకప్పు చూశారు.

"అదే గదా నేను చెప్తా ఉండేది!" అన్నాడు చెంగల్రాయుడు. "సత్తు అంటే సత్తు! మీరే దా అలుమినియం అనుకున్నారు. నేను ఏం చేసేది?"

"మరి మేం కొన్న డబ్బాలు?" అన్నారు వెనక నుంచి.

"డబ్బా మంచిదే గదా. వాడుకోండి."

రాజలక్ష్మి లేచి నిలబడింది. "సరి. అయ్యవారు చెప్పిన అర్థమే నిజం అనుకుందాం. సోమవారం నేను క్యాంటీన్‌కి వస్తా. సత్తువకి పాత్రమైన తిండి ఆడ ఉండాదా లేదా చూస్తా. లేదంటే ఈ అర్థం కూడా అబద్ధమే."

జనం వెళ్ళాక చెంగల్రాయుడు కోటిలింగం భుజం మీద చెయ్యి వేశాడు. మర్యాద వాచకం తిరిగి వచ్చింది.

"బాగా చెప్తిరి అయ్యవారే. సోమవారం ఆమె సరి అంటే మీకు ఆర్డరు. కాదంటే కాదు. నా చేతిలో ఏమీ లేదు."

కోటిలింగం సెలీనా దగ్గరికి వెళ్ళాడు. సోమవారం ఒక్కరోజు సుండలు, అంటే శనగ గుగ్గిళ్ళు, పెట్టమన్నాడు. రాగి జావ పెట్టమన్నాడు. బతిమాలాడు.

"సుండలు పోయిన ఏడు పెడితిని అయ్యోరూ," అంది సెలీనా. "చట్టి ఎట్ట తెస్తినో అట్ట ఎత్తుకుపోతిని. నేనూ మా ఆయనా తినలేక ఆవుకి పెడితిమి. ఆవు కూడా ఆలోచించింది. నీ ఉద్యోగం కోసం నా అంగడి మూసుకునేదా?"

"ఒక్కరోజమ్మా."

"ఆ యమ్మ ఒక్కరోజుతో పోతాదా? సుండలు బాగుండాదని చెప్పి పొయ్యిందంటే రోజూ సుండలే. పిల్లకాయలు గోడ దూకి బయట బోండా తింటారు. అప్పుడు నేను ఎవురికి అమ్మేది, నీకా?"

కోటిలింగం వేడి నూనెలో తిరుగుతున్న బోండాలు చూస్తూ నిలబడ్డాడు.

"ఇందులో ఏమేం వేస్తావు?"

"ఉర్లగడ్డ, శనగపిండి, అల్లం, కరేపాకు. ఇంకేముంటాది?"

"అన్నీ మంచివే కదా."

"నేను చెడ్డవని ఎప్పుడు చెప్తిని?"

"వంట నువ్వు మార్చొద్దు. పేరు నేను మారుస్తాను. నల్లబల్ల ఉందా?"

బల్ల తెచ్చింది. కోటిలింగం సుద్దముక్కతో రాశాడు. బోండా 'ఉర్లగడ్డ సత్తుండ' అయింది. అరటికాయ బజ్జీ 'కదళీ శనగకవచం' అయింది. క్రీమ్ బన్ను 'గోధుమ నవనీతం' అయింది. పిల్లలు వేళ్ళకు తొడుక్కుని ఒక్కొక్కటే కొరుక్కు తినే పచ్చ గొట్టాలు మిగిలాయి. కోటిలింగం వాటి దగ్గర కొంచెం ఆగి 'అంగుళీయక వడియం' అని రాశాడు.

"చదివి చెప్పు," అంది సెలీనా. చదివాడు. "ఏసయ్యా! వింటే నాకే ఆకలి అవతాంది. ఇదంతా మా క్యాంటీన్‌లోదేనా?"

సోమవారం రాజలక్ష్మి వచ్చింది. చెంగల్రాయుడు వెంట వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు. రాజలక్ష్మి బల్ల ముందు నిలబడి, వరసలో ఉన్న కూతుర్ని పిలిచింది.

"నివీ, చదువు. నాకు కళ్ళలో ఎండ పడతాంది."

క్యాంటీన్‌కు రేకుల కప్పు ఉంది. నివేదిత బల్ల చూసింది. తట్టలో ఉన్న బోండాలు చూసింది. తర్వాత కోటిలింగాన్ని చూసింది. కోటిలింగం సుద్ద అంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఒక్క మాట నోరు జారితే అతను బాపట్ల బండి ఎక్కాలి.

"ఉర్లగడ్డ సత్తుండ," అని నివేదిత చదివింది. "కదళీ శనగకవచం. గోధుమ నవనీతం. అంగుళీయక వడియం." తెలుగు పద్యం అప్పజెప్పినట్టు చదివింది. నవ్వలేదు. చివర ఊపిరి తీసుకుని, "అన్నీ సత్తేమ్మా," అంది.

రాజలక్ష్మి సత్తుండ తీసుకుని కొరికింది.

"ఇది బోండా మాదిరి ఉండాదే?"

"ఆకారం అదేనండి," అన్నాడు కోటిలింగం. "ఉద్దేశం వేరు."

ఆమె నమిలింది. ఇంకొంచెం కొరికింది. "అల్లం ఉండాది."

"జీర్ణానికండి."

"కరేపాకు?"

"కంటికండి."

"నూనె?" అంది రాజలక్ష్మి సెలీనాతో.

"నూనె లేకుంటే పైకి ఎట్ట తేలతాదిమ్మా?" అంది సెలీనా.

కోటిలింగం కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రాజలక్ష్మి రెండో సత్తుండ తీసుకుంటోంది. అది కూడా తిని చేతులు తుడుచుకుని చెంగల్రాయుడి వైపు తిరిగింది.

"ఇట్ట ముందే చేసుంటే ఇంత రచ్చ ఉండేదా? తెలుగులో ఎంత మంచి తిండి ఉండాది! మనమే మరిచిపోయినాం. రేపట్నించి నేను ఇడ్లీ కట్టేది లేదు. నివీ ఈడనే తింటాది."

నివేదిత తల వంచుకుని, అమ్మ చెప్పినట్టే చేస్తానంది.

ఆర్డరు ఆ వారంలోనే వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది కనుక దాని అర్థం గురించి ఎవరికీ సందేహం రాలేదు. కోటిలింగం దాన్ని ఇంటికి తీసుకువెళ్ళి భార్యకు ఇచ్చాడు. ఆమె చదివి దేవుడి పటం దగ్గర పెట్టింది.

మరునాడు అతను క్యాంటీన్ ముందు నుంచి వెళ్తుంటే సెలీనా పిలిచింది. పొయ్యి మీద మూకుడులో కొత్త సరుకు వేగుతోంది.

"అయ్యోరూ, ఈ రోజు నుంచి సమోసా కూడా వేస్తా ఉండా. దానికొక పేరు పెట్టిపో."

"సమోసా అనే రాయమ్మా," అన్నాడు కోటిలింగం. "నా ఆర్డరు వచ్చేసింది."

"నీది వచ్చినాది. జూన్‌లో క్యాంటీన్ టెండరు ఉండాది. నాది రావద్దా?"

ఆమె సుద్దముక్క అతని చేతిలో పెట్టింది. కోటిలింగం మూకుడులోకి చూశాడు. బల్ల మీద త్రికోణ అని రాసి, తరువాతి మాట కోసం పెదవులు కదపడం మొదలుపెట్టాడు.